బోర్డుకి ఏ స్క్రూ అయితే ఏంటి అనేవాళ్ళకి

అన్నలూ, తమ్ముళ్ళూ, ఈసారి పంట సంగతి పక్కన పెడుతున్నా. మిరపలో తామర పురుగు గురించి అడిగినవాళ్ళకి వచ్చే పోస్టులో చెప్తా. ఇవాళ్టిది మీ ఇంట్లో స్విచ్ బోర్డుని పట్టి ఉంచే స్క్రూల మీద. నవ్వొస్తే నవ్వండి. కానీ చదివాక ఒకసారి బోరు షెడ్డు దాకా వెళ్ళి, స్టార్టరు డబ్బాకి ఎన్ని స్క్రూలున్నాయో, అవి ఏ రకంవో చూసి రండి.

బోల్టుల దగ్గర మనం చాలా పట్టింపు ఉన్నవాళ్ళం. రోటవేటరు షాఫ్టులో షేర్ బోల్టు తెగితే దాని బదులు చేతికి దొరికిన గట్టి బోల్టు బిగిస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. తెగాల్సింది తెగదు, గేరుబాక్సు పోతుంది. అందుకే పాత ముక్క జేబులో వేసుకుని షాపుకెళ్ళి "ఇదే రకం ఇవ్వు" అని అడుగుతాం. ట్రాక్టరు చక్రానికి నట్టు మర కలవకపోతే సుత్తితో కొట్టి ఎక్కించం. మరి పిల్లలు రోజుకి ఇరవై సార్లు చెయ్యి పెట్టే స్విచ్ బోర్డుకి మాత్రం పాత మేకుల డబ్బాలో ఏది తగిలితే అది దింపేస్తాం. ఇంత తేడా ఎందుకో నాకు అర్థం కాదు. బోల్టు తప్పయితే పోయేది గేరుబాక్సు. ఇక్కడ తప్పయితే పోయేది మనిషి.

సూటిగా చెప్తున్నా. ఇనప డబ్బాలోకి మొన ఉన్న స్క్రూ దింపడం ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. మేస్త్రీ అయినా, మేనల్లుడైనా.

ముందు మీ గోడలో ఉన్నది ఏ డబ్బానో తెలియాలి. మన ఊళ్ళలో మూడు రకాలు కనిపిస్తాయి. పాత ఇళ్ళలో చెక్క డబ్బా, దాని మీద సన్‌మైకా అతికించిన పలక. దానికి చెక్క స్క్రూనే సరైంది. మొన ఉంటుంది, మరలు దూరం దూరంగా ఉంటాయి, చెక్కని కోసుకుంటూ లోపలికి పోయి పట్టుకుంటుంది. తర్వాత వచ్చినవి గోడ గాడి కొట్టి లోపల కూర్చోబెట్టే ఇనప డబ్బాలు, జింకు పూతవి. వాటి చెవులకి ముందే మర కోసిన రంధ్రాలుంటాయి. వాటిలోకి పోయేది మొన లేని, ఒళ్ళంతా ఒకే లావు ఉండే మెషిన్ స్క్రూ. మామూలుగా 3.5 మిల్లీమీటర్లది. మూడోది గోడ మీదే బిగించే ప్లాస్టిక్ డబ్బా. దానికి తనంతట తనే మర కోసుకునే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కావాలి, అదీ తల అడుగున చదునుగా ఉండేది. కొన్ని ప్లాస్టిక్ డబ్బాల్లో ఇత్తడి గొట్టం పొదిగి ఉంటుంది, వాటికి మళ్ళీ మెషిన్ స్క్రూనే. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. నల్ల స్క్రూ.

టౌన్లలో జిప్సం సీలింగులు వచ్చాక ఈ నల్ల స్క్రూలు ప్రతి హార్డువేర్ షాపులో కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటిని చేసింది జిప్సం పలకని సన్నటి రేకుకో చెక్కకో బిగించడానికి. మొన సూదిలాగా ఉంటుంది, చేతి డ్రిల్లుతో ఒక్క నొక్కుకి దిగిపోతుంది. పని చేసేవాడికి సుఖం. అందుకే ఎలక్ట్రీషియన్ జేబులోకి వచ్చేసింది. చిక్కు ఏంటంటే, మామూలుగా దొరికే నల్ల స్క్రూ లావు కూడా ఇంచుమించు 3.5 మిల్లీమీటర్లే. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ మెషిన్ స్క్రూలో ఒక మరకీ ఇంకో మరకీ మధ్య దూరం 0.6 మిల్లీమీటర్లు. నల్లదానిలో అంతకి రెట్టింపు పైనే. దాన్ని డబ్బా చెవి రంధ్రంలోకి దింపితే, కంపెనీ కోసిన సన్నటి మరని చీల్చుకుంటూ పోతుంది. ఆ పూట గట్టిగానే పట్టుకుంటుంది. "పట్టుకుంది కదన్నా, ఏ స్క్రూ అయితే ఏంటి" అని మేస్త్రీ అంటాడు. ఆ పూటకి అది నిజమే.

రెండోసారి ప్లేటు విప్పినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. రంధ్రం వెడల్పయిపోయి ఏ స్క్రూ పట్టదు. అప్పుడు ఇంకొంచెం లావుది వెతుకుతారు. అదీ పట్టకపోతే రంధ్రంలో అగ్గిపుల్ల దోపి బిగిస్తారు. ఏడాదికి బోర్డు గోడ నుంచి వేలాడుతుంది, ప్లగ్గు పీకినప్పుడల్లా మొత్తం ముందుకొస్తుంది, లోపల వైర్లు ఊగుతుంటాయి.

ఇది చిన్న నష్టం. పెద్దది మొన వల్ల. డబ్బా లోపల వైర్లు చుట్టలు చుట్టుకుని కిక్కిరిసి ఉంటాయి. రేపు మార్చాల్సి వస్తే ఉంటుందని కాస్త ఎక్కువ వదులుతాం కదా, ఆ చుట్టలే. చెవి వెనక నుంచి పొడుగ్గా వచ్చిన సూది మొన ఆ చుట్టలోకి దిగితే వైరు పైతొడుగు చీలిపోతుంది. దిగినవాడికి తెలియదు, బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఫేజు వైరు రాగి ఆ మొనకి తగిలితే స్క్రూలోకి కరెంటు, స్క్రూ నుంచి డబ్బాలోకి కరెంటు. పాత రకం ప్లేట్లకి ఆ స్క్రూ తల బయటికే కనిపిస్తుంది, స్విచ్ వేసే వేలికి జానెడు దూరం కూడా ఉండదు. పొలం నుంచి తడి కాళ్ళతో వచ్చి లైటు వేసేటప్పుడు చెయ్యి జివ్వుమందని మనవాళ్ళు చెప్పుకునే కథల్లో కొన్నయినా ఇవే అని నా నమ్మకం. అలా జివ్వుమన్న బోర్డుని తర్వాత విప్పి చూసేవాళ్ళు తక్కువ. చెప్పులేసుకుని స్విచ్ వేయండి అని ఇంట్లో చెప్పి ఊరుకుంటాం.

"ఎర్తు ఉంది కదా, ఫీజు కొట్టేస్తుంది" అంటారు. లెక్క వేద్దాం. ఎర్తు గుంతలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయింది? వేసవిలో ఎండిపోయిన గుంతకి 20 ఓములు ఉన్నా వింత లేదు. 230 వోల్టులని 20తో భాగిస్తే 11 ఆంపియర్ల పైచిల్లర. మీ ఎంసీబీ 16 ఆంపియర్లది అయితే అది పడదు. ఇక ఫీజు కట్టలో తీగ బదులు దళసరి రాగి పోచ చుట్టిన ఇళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. అంటే డబ్బా కరెంటుతోనే ఉంటుంది, ఎవరో ముట్టుకునేదాకా. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టుకుంటే అది పడుతుంది. పెట్టుకోండి, నేను వద్దనను. కానీ అది ఉంది కదా అని తప్పుడు స్క్రూ వేయించుకోవడం, పురుగుమందు ఉంది కదా అని పురుగు పట్టిన నారు నాటడం లాంటిది.

మొన స్క్రూలు మన గోడల్లోకి రావడానికి ఒక కారణం ఉంది, అదీ చెప్పాలి. ప్లాస్టరింగు మేస్త్రీ మందంగా కొట్టేస్తాడు, వంటింట్లో దాని మీద టైల్సు కూడా పడతాయి. డబ్బా ముఖం గోడకి లోపల అంగుళం కూరుకుపోతుంది. ప్లేటుతో పాటు కంపెనీ ఇచ్చిన స్క్రూ పొట్టిది, అందదు. ఎలక్ట్రీషియన్ దగ్గర పొడుగ్గా ఉండేది నల్లదే. దింపేస్తాడు. దీనికి మందు సులువే. 3.5 మిల్లీమీటర్ల మెషిన్ స్క్రూలే 40, 50 మిల్లీమీటర్ల పొడవువి దొరుకుతాయి. ఎలక్ట్రికల్ షాపులో లేకపోతే నట్లు బోల్టులే అమ్మే షాపులో అడగండి. ఎంత లోతుందో పుల్ల పెట్టి కొలిచి, దానికి ఐదారు మిల్లీమీటర్లు కలిపి తీసుకోండి, అంతకంటే ఎక్కువొద్దు. ఎక్కువైతే రంపంతో కోసి, కోసిన చోట గరుకు లేకుండా ఆకురాయితో రుద్దాలి. కోసే ముందు దానికి ఒక నట్టు ఎక్కించి పెట్టుకుని, కోశాక ఆ నట్టు విప్పితే పాడైన మర దానంతట అదే సర్దుకుంటుంది. ఇది మన వెల్డింగు షాపుల్లో అందరికీ తెలిసిన కిటుకే. ఇల్లు కట్టేవాళ్ళు ఇంకో పని చేయొచ్చు. ప్లాస్టరింగు జరిగే రోజు దగ్గర నిలబడి, డబ్బా ముఖం గోడతో సమానంగా ఉండేలా చూసుకోండి. సిమెంటు మర రంధ్రాల్లోకి పోకుండా కాగితం ఉండలు దోపితే చాలు.

మర ఇప్పటికే చెడిపోయిన డబ్బాలకి ఏం చేయాలని అడుగుతారు. మెయిన్ తీసేసి 4 మిల్లీమీటర్ల ట్యాపుతో కొత్త మర కోయించి, 4 మిల్లీమీటర్ల మెషిన్ స్క్రూ వేసుకోవచ్చు. చెవి విరిగిపోయి ఉంటే డబ్బా మార్చాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

ప్లాస్టిక్ డబ్బాల గురించి ఒక్క మాట. నల్ల స్క్రూ తల గరాటు ఆకారంలో ఉంటుంది. బిగించేకొద్దీ ప్లేటు రంధ్రాన్ని మేకులాగా విడదీస్తుంది. మీ ప్లేట్లు మూలల దగ్గర పగిలాయంటే ముందు ఆ తల మీదే నా అనుమానం. నాసిరకం ప్లేటని షాపువాణ్ణి తిడతాం, పాపం.

ఎర్తు స్క్రూ సంగతికొస్తే, ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఇనప డబ్బాలో ఎర్తు వైరుకని ఒక స్క్రూ విడిగా ఉంటుంది. చాలా ఇళ్ళలో అది ఖాళీగా ఉంటుంది, లేదా ఆకుపచ్చ వైరుని ప్లేటు స్క్రూ కిందే నొక్కేస్తారు. ప్లేటు విప్పితే ఎర్తు పోయినట్టే కదా? ఎర్తు వైరుకి దాని స్క్రూ దానికే ఉండాలి, ఇత్తడిదో జింకు పూతదో మెషిన్ స్క్రూ, కింద వాషరుతో. రంగు వేసిన డబ్బా అయితే ఆ చోట రంగు గీకి ఇనుము కనిపించేలా చేశాకే బిగించాలి. రంగు మీద బిగిస్తే కంటికి ఎర్తు ఉంటుంది, కరెంటుకి ఉండదు. రేకులో గుచ్చుకునే మొన స్క్రూతో ఎర్తు ఇవ్వడం అసలు వద్దు. సన్నటి రేకుకి ఒకటిన్నర మర మాత్రమే పట్టుకుని ఉంటుంది, అదురుకి వదిలేస్తుంది.

వైర్లని పట్టుకునే స్క్రూలు వేరే. స్విచ్‌లో, సాకెట్‌లో ఉండే చిన్న ఇత్తడివి. వాటిలో ఒకటి జారి గచ్చు మీద పడి కనిపించకుండా పోతే, ఏదో ఇనప స్క్రూ తెచ్చి తిప్పేస్తారు. మర సగం కలుస్తుంది, తుప్పు పడుతుంది, లూజవుతుంది. లూజైతే ఏమవుతుందో చూడండి. 2 కిలోవాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది. లూజు దగ్గర ఓములో పదో వంతు అడ్డం వచ్చినా అక్కడ ఏడున్నర వాట్ల వేడి పుడుతుంది. ఒక ఎల్‌ఈడీ బల్బు కరెంటంతా శెనగ గింజంత ఇత్తడి ముక్కలో వేడిగా మారుతోందన్నమాట. సాకెట్ గోధుమరంగులోకి మారడం, కాలిన వాసన రావడం, ప్లగ్గు వెచ్చగా తగలడం దాని గుర్తులే. అందుకే పాత స్విచ్‌లు పారేసే ముందు వాటి ఇత్తడి స్క్రూలు విప్పి ఒక సీసాలో వేసుకోండి. కంపెనీ కంపెనీకి మర మారుతుంది కాబట్టి వేలితో తిప్పి చూసి, సాఫీగా పోయేదే వాడండి. స్క్రూ చుట్టూ వైరు చుట్టేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. బిగించేకొద్దీ వైరు లోపలికి లాక్కుంటుంది, అటువైపు చుడితే బయటికి తోసేస్తుంది. పైతొడుగు స్క్రూ కింద చిక్కకూడదు.

ఇక స్టార్టరు డబ్బా. దీని కోసమే ఇంతా రాశాను.

ఇంట్లో బోర్డు కనీసం నీడపట్టున ఉంటుంది, గచ్చు మీద నిలబడతాం. స్టార్టరు దగ్గర మనం ఉండేది తడి మట్టిలో, ఎక్కువసార్లు చెప్పుల్లేకుండా, చీకట్లో. డబ్బా ఇనపది, లోపల మూడు ఫేజులు. అలాంటి డబ్బాలకి తలుపు స్క్రూలు ఊడిపోతే ఏం చేస్తున్నాం? బైండింగు వైరు చుట్టి ముడేస్తున్నాం. లోపల కరెంటున్న డబ్బాకి బయట ఇనప తీగ! ఆ తీగ కొస లోపలికి వంగి ఒక ఫేజుకి తగలడానికి ఎంతసేపు? మూత సరిగా పడకపోతే సందులోంచి బల్లులు, చీమలు, తొండలు దూరతాయి. బల్లి రెండు టెర్మినళ్ళ మధ్య పడితే దాని ప్రాణంతో పాటు మన కాంటాక్టరూ పోతుంది. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు రెండ్రోజులు నీళ్ళు ఆగితే ఆ నష్టం ఎంతో మీకే తెలుసు. ఒక్క స్క్రూ లేక.

ఇంకోటి. వోల్టు మీటరో కెపాసిటరో ఆటో స్టార్టరో కొత్తగా పెట్టినప్పుడు, డబ్బా పక్క రేకులోకి డ్రిల్లు వేసి మొన స్క్రూతో బిగించేస్తారు. డ్రిల్లు రజను అంతా కాంటాక్టరులో పడుతుంది, స్క్రూ మొన లోపలికి పొడుచుకుని ఉంటుంది. అక్కడ పొట్టి మెషిన్ స్క్రూ, లోపలి వైపు వాషరు, నట్టు వేయించండి. డ్రిల్లు వేసే ముందు కాంటాక్టరు మీద గుడ్డ కప్పమనండి. వెలుపలి నుంచి వేసే ప్రతి స్క్రూకీ రబ్బరు వాషరు ఉండాలి, లేకపోతే వాన నీరు ఆ మర వెంటే లోపలికి దిగుతుంది. డబ్బా పై కప్పులో అసలు రంధ్రమే వద్దు.

కాంటాక్టరు పట్టినప్పుడల్లా డబ్బా మొత్తం టక్కుమని అదురుతుంది. ఆ అదురుకి మామూలు వాషరు వేసిన స్క్రూ మెల్లగా వదులవుతుంది. వైర్లకి లగ్గులు నొక్కించి, మామూలు వాషరు, దాని మీద స్ప్రింగు వాషరు, ఆపైన స్క్రూ, ఈ వరసలో ఉండాలి. 5 హెచ్‌పీ మోటరు ఒక్కో ఫేజులో ఇంచుమించు 7 ఆంపియర్లు లాగుతుంది. ఒక్క ఫేజు స్క్రూ లూజైనా మిగతా రెండింటి మీద భారం పడి మోటరు వైండింగు కాలుతుంది. అల్యూమినియం వైరున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. అది మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లగా అణిగిపోతుంది. సీజను మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి బిగింపు చూడాల్సిందే. చూసేముందు మెయిన్ దించి మూడు ఫీజు కట్టలూ పీకి జేబులో పెట్టుకోండి. తర్వాత టెస్టరుతో మూడు ఫేజులూ చూడండి. మీకు రాని పనయితే ముట్టుకోకండి, వచ్చినవాణ్ణి పిలిచి పక్కన నిలబడండి.

యూరియా, డీఏపీ బస్తాలు స్టార్టరు కిందే పేర్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ధూళి తేమ పీల్చి ప్రతి స్క్రూనీ తినేస్తుంది. తుప్పు పట్టి తల గీత అరిగిపోయిన స్క్రూని ఆపద సమయంలో ఎవడూ విప్పలేడు. బస్తాలు వేరే మూలకి జరపండి. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళు, సముద్రం దగ్గరగా ఉన్నవాళ్ళు మూతకీ, డబ్బా బిగింపుకీ స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసుకోవడం మంచిది. అయితే అవి మూతలకే. వైరు పట్టుకునే చోట కంపెనీ ఇచ్చినవే ఉండాలి, స్టెయిన్‌లెస్ కరెంటు మోయడంలో ఇత్తడి కంటే చాలా వెనక.

ఇదంతా ఎలక్ట్రీషియన్ల మీద నింద అనుకోకండి. పాయింటుకి ఇంత అని మాట్లాడుకుంటాం, అందులోనూ బేరమాడతాం. ఆ లెక్కలో స్క్రూలు ఆయన జేబు ఖర్చే. చెడిపోయిన మరకి ట్యాపు కోయడానికి అరగంట పడితే ఆ అరగంట కూలీ మనం ఇవ్వం. అలాంటప్పుడు ఆయన డబ్బాలో ఉన్న నల్ల స్క్రూ తీయడంలో ఆశ్చర్యమేముంది? సరుకు మనమే కొని ఇస్తే ఈ గొడవే ఉండదు. 3.5 మెషిన్ స్క్రూలు పొట్టివి, పొడుగువి, ప్లాస్టిక్ డబ్బాలకి సెల్ఫ్ ట్యాపింగువి, కొన్ని స్ప్రింగు వాషర్లు, ఎర్తుకి నాలుగు ఇత్తడి స్క్రూలు. అన్నీ కలిపినా ఒక మంచి పురుగుమందు సీసా ధర కాదు. వాటిని ఒక డబ్బాలో వేసి ఇంట్లో ఉంచి, ఎవరొచ్చి పని చేసినా ఇందులోంచే వేయాలని చెప్పండి. కూలీ కాస్త ఎక్కువ అడిగితే ఇవ్వండి.

షాపులో "బోర్డు స్క్రూలు" అని మాత్రం అడగకండి, నల్లవే చేతిలో పెడతాడు. డబ్బాతో పాటు వచ్చిన స్క్రూ ఒకటి పట్టుకెళ్ళండి. అది లేకపోతే కొత్త ఖాళీ డబ్బా ఒకటి తీయించి, కొనే స్క్రూని దాని చెవిలో వేలితో తిప్పి చూడండి. స్క్రూడ్రైవరు లేకుండా నాలుగైదు చుట్లు పోతే అదే మీ స్క్రూ.